కొలువు ఫొటోలో తప్పిపోయిన అర మీటరు: పాత లెన్సు ఫోకస్ డైరీ

దసరాకు ఇంట్లో పెట్టిన బొమ్మల కొలువు ఫొటోలో కింది రెండు మెట్ల మీది బొమ్మలు మసకగా వచ్చాయి. వాటి వెనక గోడకు వేలాడే క్యాలెండర్‌లో మాత్రం తిథి, నక్షత్రం, వర్జ్యం హాయిగా చదువుకోవచ్చు. అమ్మ ఫొటో చూసి, "పంచాంగం బాగా వచ్చింది" అంది.

నిజానికి అది గుడ్డిగా తీసిన ఫొటో కాదు. మూడో మెట్టు కెమెరాకు 3 మీటర్ల దూరంలో ఉండేలా టేపుతో కొలిచి పెట్టాను. ఫోకస్ రింగు 3 దగ్గర, అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్ 8. ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదై, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది. లెన్సు మీద చెక్కిన గీతల ప్రకారం 2.3 మీటర్ల నుంచి 4.2 మీటర్ల దాకా ఉన్నవన్నీ స్పష్టంగా రావాలి. మొదటి మెట్టు 2.5 మీటర్ల దగ్గర ఉంది, అంటే హద్దు లోపలే. కానీ ఫొటోలో స్పష్టత మొదలైంది దాదాపు 2.9 దగ్గర. మధ్యలో అర మీటరు ఎక్కడికి పోయిందో సంక్రాంతి కొలువులోపు కనిపెట్టాలనుకున్నాను. ఆటోఫోకస్ లెన్సు కొనుక్కోమనే సలహా ఇంట్లోనే మూడుసార్లు వచ్చింది. పట్టించుకోలేదు.

సరంజామా

- లెన్సు: నికాన్ ఎఫ్ మౌంటు (లెన్సు కెమెరాకు బిగుసుకునే అమరిక) పాత 50 మి.మీ., ఎఫ్ 1.8. పాతది కొన్నాను, 3,200 రూపాయలు.
- కెమెరా: సోనీ ఇ మౌంటు, 24 మెగాపిక్సెళ్లు. సెన్సర్ (ఫిల్ముకు బదులు బొమ్మ పడే పలక) 23.5 × 15.6 మి.మీ. ఇంట్లో ఉన్నదే.
- రెండింటినీ కలిపే అడాప్టర్: 850 రూపాయలు.
- ట్రైపాడ్, టేపు, వెర్నియర్ కాలిపర్స్: ఇంట్లో ఉన్నవే.

ఇప్పటిదాకా ఖర్చు: 4,050 రూపాయలు.

దశ 1: స్కేలుతో కొలత

ముందుగా డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఎంత లోతు దాకా స్పష్టంగా వస్తుందనే) లెక్క నా చేతిలోని లెన్సుకు సరిపోతుందో లేదో చూడాలి.

1. 30 సెం.మీ. స్టీలు స్కేలును పుస్తకాల దొంతరకు ఆనించి, కెమెరాకు 45 డిగ్రీల వాలులో పెట్టాను.
2. 15వ సెంటీమీటరు గీత లెన్సుకు 1 మీటరు దూరంలో ఉండేలా సర్దాను.
3. అపర్చర్ ఎఫ్ 1.8 దగ్గర పెట్టి, ఆ గీత మీద ఫోకస్ చేసి, రెండు సెకన్ల టైమరుతో తీశాను.
4. 6×4 అంగుళాల ప్రింటు వేయించి, ఏ గీత నుంచి ఏ గీత దాకా పదునుగా ఉందో లెక్కపెట్టాను.

వాడిన సూత్రం ఇది: 2 × ఎఫ్ సంఖ్య × 0.02 × దూరం × దూరం, దాన్ని ఫోకల్ లెంగ్త్ (ఈ లెన్సుకు 50) వర్గంతో భాగించాలి. అన్నీ మిల్లీమీటర్లలో ఉండాలి. ఎఫ్ 1.8తో, 1,000 మి.మీ. దూరంలో వచ్చే జవాబు సుమారు 29 మి.మీ.

నా మొదటి కొలత 40 మి.మీ. వచ్చింది. సూత్రమే తప్పని రెండు రోజులు అనుకున్నాను. తప్పు నాదే. స్కేలు వాలుగా ఉంది కాబట్టి దాని మీది 40 మి.మీ. అంటే లోతులో 40 కాదు. 0.707తో గుణించాలి. అలా చేస్తే 28 వచ్చింది. 29కి 28 అంటే ఇంటి పనికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకో తప్పు కూడా ఇక్కడే దొరికింది. లెన్సు రింగు మీద రాసిన దూరం లెన్సు మూతి నుంచి కొలిచేది కాదు, సెన్సర్ నుంచి కొలిచేది. కెమెరా పైభాగంలో సున్నా మీదుగా గీత గీసినట్టు ఒక చిన్న గుర్తు ఉంటుంది, సెన్సర్ ఉన్నది దాని కిందే. రింగు అంకెలతో పని ఉన్నప్పుడు టేపు కొస అక్కడ పెట్టాలి. దసరా నాడు నేను మూతి నుంచే కొలిచాను. 3 మీటర్ల దగ్గర ఇది చిన్న తేడా, అర మీటరుకు జవాబు కాదు.

సూత్రంలోని 0.02 ఎక్కడిది? ఫోకస్ తప్పిన చుక్క సెన్సర్ మీద చుక్కగా పడదు, చిన్న బిళ్లగా పడుతుంది. ఆ బిళ్ల వ్యాసం 0.02 మి.మీ. దాటనంత వరకు "స్పష్టం" అనుకుందామన్నది ఒప్పందం. నా సెన్సర్ బొమ్మను 6 అంగుళాల ప్రింటుగా పెంచితే ఆరున్నర రెట్లవుతుంది, 0.02 కాస్తా 0.13 మి.మీ. అవుతుంది. ప్రింటును చేతిలో పట్టుకుని చూసే కంటికి అది చుక్కలాగే కనిపిస్తుంది. అదే ఫొటోను కంప్యూటర్‌లో పూర్తిగా పెద్దది చేసి చూస్తే ఆ బిళ్ల అయిదు పిక్సెళ్ల వెడల్పుంటుంది, మసకే. నిజంగా ఫోకస్‌లో ఉండేది ఒకే ఒక్క తలం, కాగితమంత పలచన. మిగతాదంతా మనం ఎంతవరకు సర్దుకుపోతామన్న లెక్క. ఇది బుర్రకెక్కాక "ఎఫ్ 8 పెడితే ఎంత లోతు వస్తుంది?" అని ఎవరైనా అడిగితే, "ఎంత పెద్ద ప్రింటుకు?" అని తిరిగి అడగడం అలవాటైంది.

స్టీలు స్కేలు 60, ప్రింట్లు 120. ఇప్పటిదాకా ఖర్చు: 4,230. తీసిన ఫొటోలు: 64.

దశ 2: ఎర్ర అంచులు, బొటనవేలు

కెమెరాలో ఫోకస్ పీకింగ్ ఉంది. పదునుగా ఉన్న అంచులకు ఎర్ర రంగు పూస్తుంది. దాన్ని నమ్మి పది ఫొటోలు తీస్తే నాలుగు మాత్రమే గురి మీద పడ్డాయి. స్కేలు మీద చూస్తే ఎఫ్ 1.8 దగ్గర ఎరుపు దాదాపు 70 మి.మీ. లోతున పరుచుకుంది. అసలున్నది 28. కెమెరా ఆ ఎరుపును లెక్కగట్టేది తెర మీద చూపించే చిన్న బొమ్మ నుంచి, పూర్తి ఫొటో నుంచి కాదు. పైగా గీత ఎంత నల్లగా ఉంటే అంత తొందరగా ఎర్రబడుతుంది. కొండపల్లి బొమ్మల కళ్లకు తీర్చే నల్ల గీతలు దీనికి మహా ఇష్టం, మసకగా ఉన్నా పూసేస్తుంది.

మార్చిన పద్ధతి:

1. పీకింగ్ ఆపేశాను.
2. అపర్చర్‌ను ఎఫ్ 1.8కి తెరిచాను. అప్పుడు లోతు పలచబడి, తప్పు వెంటనే తెలిసిపోతుంది.
3. తెర మీద బొమ్మను దాదాపు 12 రెట్లు పెంచాను.
4. రింగును పదునైన చోటు దాటేదాకా తిప్పి, వెనక్కి అటువైపు కూడా దాటించి, ఆ రెండింటి మధ్య ఆపాను.
5. అపర్చర్‌ను కావలసిన అంకెకు మూసి, తీశాను.

పదిలో ఎనిమిది వచ్చాయి. తప్పిన రెండూ ఒకే వైపు, అంటే కెమెరా వైపు తప్పాయి. ఇక్కడ నాకున్న కొద్దిపాటి చదువు చెడగొట్టింది. కొన్ని లెన్సుల్లో అపర్చర్ మూస్తుంటే ఫోకస్ కాస్త జరుగుతుంది. అది నిజమే. నా లెన్సుకూ ఆ జబ్బు ఉందని తీర్మానించి, ఒక ఆదివారమంతా దాన్ని కొలవడానికే ఖర్చు చేశాను. కొలతలు ఒకసారి వచ్చినట్టు మరోసారి రాలేదు. చివరికి ఫోకస్ రింగును టేపుతో అంటించేసి మళ్లీ తీస్తే పదికి పది వచ్చాయి. అపర్చర్ రింగు తిప్పేటప్పుడు నా బొటనవేలు ఫోకస్ రింగును తోస్తోంది, అంతే. ఇప్పుడు లెన్సును కింది నుంచి ఎడమ చేత్తో పట్టుకుని, అపర్చర్‌ను కుడి చేతి రెండు వేళ్లతో తిప్పుతున్నాను.

ఖర్చు మారలేదు: 4,230. ఫొటోలు: 182.

దశ 3: అడాప్టర్

చూసి ఫోకస్ చేస్తే ఫొటో వస్తోంది. రింగు అంకెను నమ్మి తీస్తే రావడం లేదు. అంటే రింగు అబద్ధం చెబుతోంది. మా మేడ మీద నుంచి విజయవాడ గుణదల కొండ మీది శిలువ కనిపిస్తుంది. రింగును అనంతం గుర్తు (చాలా దూరపు వాటికి పెట్టేది) దగ్గరికి తోసి చూస్తే శిలువ మసకగా ఉంది. రింగును కాస్త వెనక్కి తిప్పితే పదునెక్కింది. లెన్సు అనంతాన్ని కూడా దాటిపోతోందన్నమాట. సెన్సర్‌కు ఉండాల్సిన దానికన్నా దగ్గరగా కూర్చుంటేనే ఇలా జరుగుతుంది.

నికాన్ ఎఫ్ మౌంటుకు లెన్సు అంచు నుంచి ఫిల్ము దాకా ఉండాల్సిన దూరం 46.5 మి.మీ. సోనీ ఇ మౌంటుకు 18. కాబట్టి అడాప్టర్ మందం 28.5 ఉండాలి. ఇంట్లోని వెర్నియర్‌తో కొలిస్తే ఒకసారి 28.3, మరోసారి 28.46. దానితో తేలే పని కాదు.

ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపుకు పట్టుకెళ్లాను. మేస్త్రీ చిన్న మైక్రోమీటర్ పక్కన పెట్టి, 25 నుంచి 50 మి.మీ. కొలిచే పెద్దది తీశారు. మొదటి కొలత 28.43. రెండోది 28.38. నేను కాగితం మీద రాసుకుంటుంటే ఆయన అడాప్టర్ అంచును వేలితో నిమిరి, "మొదటిసారి మనం కొలిచింది ఇనుమును కాదు సార్, దుమ్మును" అన్నారు. బనియన్ గుడ్డతో రెండు వైపులా తుడిచి, నాలుగు చోట్ల కొలిచారు: 28.37, 28.39, 28.38, 28.38. డబ్బులు తీసుకోలేదు. టీ తాగాం.

0.12 మి.మీ. తక్కువ. చూడ్డానికి ఇదొక లెక్కలోది కాదనిపిస్తుంది. కానీ 50 మి.మీ. లెన్సు 3 మీటర్ల నుంచి అనంతం దాకా వెళ్లడానికి జరిగే మొత్తం దూరమే 0.85 మి.మీ. అందులో 0.12 అంటే ఏడో వంతు. లెక్కగడితే, రింగు 3 చూపినప్పుడు నిజమైన ఫోకస్ దాదాపు 3.5 మీటర్ల దగ్గర ఉంది. ఎఫ్ 8తో అప్పుడు స్పష్టంగా ఉండేది 2.86 నుంచి 4.47 దాకా. కింది రెండు మెట్లు 2.5, 2.75 దగ్గర. క్యాలెండర్ గోడ 4 దగ్గర. దసరా ఫొటో అక్షరాలా అదే.

చవక అడాప్టర్లను కావాలనే కాస్త పలచగా చేస్తారు. మందం ఎక్కువైతే లెన్సు అనంతం దాకా చేరదు, కొన్నవాళ్లు వెంటనే తిప్పి పంపుతారు. తక్కువైతే ఎవరూ గమనించరు, రింగు అంకెను నమ్మేవాళ్లు తప్ప. కాబట్టి ఈ పని కావాల్సింది రింగు చూసి దూరం పెట్టుకునేవాళ్లకే. తెర చూసి ఫోకస్ చేసేవాళ్లు వదిలేయవచ్చు.

సవరణ ఇలా చేశాను:

1. లెన్సు వైపు రింగుకున్న నాలుగు మరలు విప్పాను. విప్పేముందు రింగు ఎలా కూర్చుందో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి.
2. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా గోడ నుంచి చిన్న ముక్కలు కత్తిరించాను. రంగును గరుకు కాగితంతో రుద్దేశాక మందం 0.10 మి.మీ.
3. మర దూరే చోట రంధ్రం చేసి, అంచులను గాజు మీద పెట్టి చెంచా వెనక్కుతో నునుపు చేశాను. కత్తెర అంచు పైకి లేచి ఉంటే మందం రెట్టింపవుతుంది.
4. ఒక్కో మర కింద ఒక్కో ముక్క పెట్టి, మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను.

మొదటి ప్రయత్నం చెడింది. మూడు ముక్కలే కత్తిరించి, నాలుగో మరను ఖాళీగా వదిలేశాను. ఫొటోలో ఎడమ అంచు మెత్తబడింది. లెన్సు వాలిపోయి, ఫోకస్ తలం కూడా దానితోపాటే వాలింది. నాలుగో ముక్క పెట్టాక సరిపోయింది. ఈ తొందరలోనే ఒక మర తల అరిగింది, అదలాగే ఉంది.

మళ్లీ కొలిస్తే 28.48. మిగిలిన 0.02 కావాలనే వదిలాను, అనంతం అందకపోయే ప్రమాదం వద్దు. టేపు 3 మీటర్లు, రింగు 3 మీటర్లు. శిలువ కూడా అనంతం గుర్తుకు వెంట్రుకవాసి ఇవతల.

స్క్రూడ్రైవర్ 90, డబ్బా 40, టీ 20. ఇప్పటిదాకా ఖర్చు: 4,380. ఫొటోలు: 223.

దశ 4: దశావతారాల లెక్క

అడాప్టర్ సరిచేశాక కూడా లెన్సు మీది గీతలు 2.3 నుంచి 4.2 అంటూనే ఉన్నాయి. లెక్కలో వచ్చేది 2.5 నుంచి 3.7. మిగిలిన తేడా లెన్సు తప్పు కాదు. ఆ గీతలు 36 × 24 మి.మీ. ఫిల్ము కోసం చెక్కినవి. అక్కడ మసక బిళ్లకు ఒప్పుకున్న హద్దు 0.03. నా సెన్సర్ చిన్నది, అదే ప్రింటుకు ఎక్కువ పెంచాలి, కాబట్టి హద్దు 0.02. ఉపాయం: అపర్చర్ ఎఫ్ 11 పెడితే ఎఫ్ 8 గీతలు చదవాలి. ఒక స్టాపు, అంటే అపర్చర్ అంకెల వరుసలో ఒక అంకె, తగ్గించి చదివితే చాలు.

దీన్ని కంటితో చూడాలని కొండపల్లి దశావతారాల సెట్టు తీశాను. తెల్ల పొణికి కర్రతో చేసినవి, ఒక్కోటి అరచేయంత కూడా ఉండదు. పది బొమ్మలను ఏటవాలు వరుసలో పెట్టాను. ఒక్కో బొమ్మ ముందుదానికన్నా 30 మి.మీ. వెనక్కి. నాలుగోవాడైన నరసింహుడు సరిగ్గా 1 మీటరు దూరంలో, ఫోకస్ ఆయన మీద. 6×4 ప్రింటులో ఎన్ని బొమ్మలు స్పష్టం?

- ఎఫ్ 1.8: ఒకటి. అదీ నరసింహుడి ముఖం వరకే.
- ఎఫ్ 4: రెండు. వరాహం ఇటూ అటూ కాకుండా ఉంది, లెక్కలో వేయలేదు.
- ఎఫ్ 5.6: మూడు.
- ఎఫ్ 8: నాలుగు.
- ఎఫ్ 11: ఆరు. కూర్మం నుంచి శ్రీరాముడి దాకా.
- ఎఫ్ 16: ఎనిమిది. కానీ నరసింహుడు కూడా కాస్త మెత్తబడ్డాడు.

ఎఫ్ 16 దగ్గర వెలుతురు సన్నటి రంధ్రంలోంచి దూరేటప్పుడు తనే విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్న చుక్క వ్యాసం 0.021 మి.మీ. దాకా ఉంటుంది. మన హద్దు 0.02 కదా, ఫోకస్ సరిగ్గా ఉన్నచోట కూడా హద్దు దాటినట్టే. ఎఫ్ 8 ఫొటోనే కంప్యూటర్‌లో పూర్తిగా పెద్దది చేసి లెక్కపెడితే నాలుగుకు బదులు ఒక్కటే.

పదీ రావాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలి? "మూడో వంతు ముందు, రెండు వంతులు వెనక" అనే సూత్రం చాలామంది చెబుతారు. ఇంత దగ్గరలో అది చెల్లదు. ఎఫ్ 16 దగ్గర నాకు ముందు 108 మి.మీ., వెనక 138 వచ్చాయి. ఆ సూత్రం ఎఫ్ 8తో అయితే సుమారు 5.2 మీటర్ల దగ్గర మాత్రమే నిజమవుతుంది. సరైన పద్ధతి: రెండు చివర్ల దూరాలు గుణించి, రెట్టింపు చేసి, వాటి కూడికతో భాగించాలి. మత్స్యం 0.91, కల్కి 1.18. జవాబు 1.03. అక్కడున్నది వామనుడు. కొలతలకు ఆయన్ని మించినవారెవరు? ఎఫ్ 16తో ఆయన మీద ఫోకస్ చేస్తే పదీ అంచుల్లో పట్టాయి, అన్నీ కాస్త మెత్తగానే.

అప్పుడు తెలివిగా 2 మీటర్లకు వెనక్కి జరిగి, ఎఫ్ 8తో తీసి, మధ్య భాగం కత్తిరించాను. దూరం రెట్టింపయితే లోతు నాలుగింతలవుతుంది కదా అనుకున్నాను. ప్రింటులో ఎనిమిది స్పష్టం, రెండు చివర్లూ అనుమానమే. అంటే ఇంచుమించు పాత ఎఫ్ 16 ఫొటోనే మళ్లీ వచ్చింది, ఆ మెత్తదనంతో సహా. కత్తిరించిన బొమ్మను ప్రింటుకు రెట్టింపు పెంచాలి, దానితోపాటు మసకా రెట్టింపవుతుంది. లాభం షట్టరు వేగంలో మాత్రమే, దానికి బదులు మూడొంతుల పిక్సెళ్లు పోయాయి.

చివరికి చేసింది ఇదీ: మళ్లీ 1 మీటరుకు వచ్చి, బొమ్మల మధ్య లోతును 30 నుంచి 15 మి.మీ.కి తగ్గించాను. వరుస ఏటవాలుగానే కనిపిస్తుంది. ఎఫ్ 11, వామనుడి మీద ఫోకస్, పదికి పది. దీనికి నాకు పదకొండు రోజులు పట్టింది, బొమ్మలు జరపడానికి రెండు నిమిషాలు.

ప్రింట్లు 140. ఇప్పటిదాకా ఖర్చు: 4,520. ఫొటోలు: 298.

దశ 5: సంక్రాంతి కొలువు

అవే అయిదు మెట్లు. ఒక్కోటి 25 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు. మొదటి మెట్టు బొమ్మల నుంచి చివరి మెట్టు బొమ్మల దాకా లోతు 1 మీటరు.

మొదట కెమెరాను కొలువు నడుముకు సమానంగా పెట్టి, 3 మీటర్లు, ఎఫ్ 8తో తీశాను. లెక్క 2.52 నుంచి అంటోంది, మొదటి మెట్టేమో 2.5 దగ్గర. రెండు సెంటీమీటర్లు బయట. ప్రింటులో అంతగా తెలియలేదు కానీ నాకు తెలుసు కదా. పైగా షట్టరు పావు సెకను పట్టింది, ఫ్యాను గాలికి బంతిపూల దండ ఊగి చారలుగా పడింది.

ట్రైపాడ్ కాళ్లు పూర్తి పొడవుకు లాగి, పైనుంచి 20 డిగ్రీల కిందికి చూసేలా వంచాను. కోణం ఫోనుతో కొలిచాను. కెమెరా కిందికి చూస్తే ఫోకస్ తలం పైభాగం అవతలికి వాలుతుంది. మెట్లు కూడా అటే వాలి ఉన్నాయి. కెమెరా చూపు వెంట కొలిస్తే ఒక్కో మెట్టు లోతు 25 నుంచి 18.4 సెం.మీ.కి తగ్గింది, మొత్తం మీటరు కాస్తా 74 సెం.మీ. అయింది. దానికి ఎఫ్ 5.6 చాలు. అది ఇచ్చే లోతు సుమారు 80. షట్టరు సమయం సగమైంది. మూడో మెట్టు మీది అంబారీ ఏనుగు తొండం మిగతా వరుసకన్నా 3 సెం.మీ. ముందుకు ఉంది. లెక్క ప్రకారం ఫోకస్ పడాల్సింది దాదాపు అక్కడే. 12 రెట్లు పెంచి తొండం చివరి ఎర్రచుక్క మీద ఫోకస్ చేశాను.

"నీ కొలతలు అయ్యేలోపు హారతి ఆరిపోతుందిరా" అని అమ్మ వంటింట్లోంచి అంది. ఫ్యాను ఆపమన్నాను. ఆపింది.

8×12 అంగుళాల ప్రింటు వేయించాను. చేయి చాచి పట్టుకుంటే అయిదు మెట్లూ స్పష్టం. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదటి, చివరి మెట్లు కాస్త మెత్తగా ఉన్నాయి. 6×4 కోసం వేసిన లెక్కతో 8×12 ప్రింటు వేస్తే అంతే మరి. ఎఫ్ 8 పెట్టుంటే బాగుండేది.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏనుగును, వామనుడిని, కింది మెట్టు మీది పచ్చ చిలకను వేలితో చూపించింది. తర్వాత, "ఈసారి పంచాంగం కనబడటం లేదేం?" అని అడిగింది.

ప్రింటు 200. మొత్తం ఖర్చు: 4,720 రూపాయలు. మొత్తం ఫొటోలు: 335. తల అరిగిన మర: ఒకటి.